నల్ల టేపు

రాయదుర్గంలో మా వీధి కాలువ నీలం.
దాట్లో దిగిన కుక్కల కాళ్ళు నీలం.
ప్యాంట్లు కుట్టి కుట్టి నా గోళ్ళ సందులు నీలం.

నాలుగు మిషన్లు నావి, ఒకటి నడవదు.
బళ్ళారి షావుకారు గుడ్డ పంపిస్తాడు,
ఆయన ఏ పేరు కుట్టమంటే ఆ పేరు.
ఇరవై రెండేండ్లుగా ఎవరెవరి పేర్లో కుట్టినా.
నాదంటూ ఒక్కటే:
హగరి.
బొటనేలంత లేబుల్, ఎర్ర దారంతో వంకర అల.
మా ఏటి పేరే. పది నెలలు ఇసకే కనబడతాది,
తెలిసినోళ్ళు చెలమ తవ్వుకుంటారు.

వన్నూరప్పా,
గుమ్మఘట్ట నుంచి సైకిలు తొక్కుకోని వచ్చి
"అక్కా, మోకాలు చీరకపోతాంది, ఏమన్నా కుట్టియ్యి"
అన్నప్పుడు నీకు పదిహేడు.
జీన్సు ముక్క, లోపల స్పంజి, ఎనక ఎలాస్టిక్.
మూడు తూర్లు విప్పి మూడు తూర్లు కుట్టినా.
నాలుగోసారి నువ్వు గుంజిళ్ళు తీసి చూసి
"ఇది నా తోలేనక్కా" అన్నావు.

కాగితం కూడా రాసుకుంటిమి కదా,
తాలూకాఫీసు ముందర, హనుమంతరాయుడి చేత.
సదరు ఆటగాడు ఆడినన్నాళ్ళు హగరి పట్టీయే తొడిగేటట్టు,
సదరు దస్తగిరమ్మ కుట్టియ్యగలిగినన్నాళ్ళు కుట్టిచ్చేటట్టు.
భూముల రాతలు అలవాటైన చెయ్యి ఆయనది,
చివర్న "నిధి నిక్షేప జల తరు పాషాణాలతో సహా"
అని కూడా గీకినాడు.
నవ్వుకుంటా సంతకాలు పెట్టినాం.

ఈ ఏడు లీగోళ్ళు నిన్ను వేలంలో కొన్నారు.
టీవీలో ఆ మాట విని మా అత్త
"మనుషుల్నా?" అనింది.
వాళ్ళ కాగితం ఎనభై పేజీలంట.
నువ్వే ఫోన్లో చదివి చెప్పినావు:
చొక్కా వాళ్ళది, నిక్కరు వాళ్ళది, తువ్వాల వాళ్ళది,
నీళ్ళ సీసా ఏ పక్కకు తిప్పి తాగల్లో అదీ వాళ్ళదే.
మోకాలి పట్టీ మాత్రం నీ ఇష్టం,
దాని మీద పేరు కనబడగూడదు.
కనబడితే మ్యాచికి యాభై వేలు.
కొంచేపు ఊరకుండి
"టేపు ఏస్తారంటక్కా" అన్నావు.

ఆ వారమే నాకూ నోటీసు.
బస్టాండు కాడ నీ ఫ్లెక్సీ ఉంది చూడు,
తొడ కొడతా నువ్వు, నీ మోకాలి మీద నా అల,
లీగు అయ్యేదాకా తీసెయ్యల్లంట.
తీస్తే మళ్ళా కట్టే కూలి ఎవరిస్తారు?
యూరియా సంచులు విప్పి, జతకు జత కలిపి కుట్టి
నీ మొగానికి ముసుగేసినా.
పొద్దున్నే టీ అంగడి తిప్పయ్య
"ఎలక్షన్ కోడ్ వచ్చిందా దస్తగిరమ్మా?" అన్నాడు.

రాత్రి మిషన్లు ఆపి అందరం టీవీ ముందర.
నువ్వు గీత దాటితే
అందరూ నీ చెయ్యి ఎవర్ని తాకుతాదా అని చూస్తాండారు,
నేను నీ ఎడమ మోకాలు చూస్తాండా.
నల్ల టేపు. అగ్గిపెట్టె అంత.

రెండో సగంలో ముగ్గురు పడి నిన్ను ఈడ్చినారు.
నడిగీత కోసం పాకతాండావు,
మోకాలు మ్యాటుకు రాసుకోని
టేపు ఒక కొస లేచింది.
ఎర్ర దారం, సగం అల.
పేరు కూడా కాదు.
పక్కన మాబున్ని కేకేసింది.
నా నోరేమో "మూసుకో నాయనా, యాభై వేలు, మూసుకో" అంటాంది,
లోపల ఇంకో నోరు
"ఇంకొంచెం, ఇంకొంచెం లెయ్యి" అంటాంది.
ఏ నోరు నాదో నాకు తెలీలేదు.

గీత తాకినావు. పాయింట్లు వచ్చినాయి.
జనం అరస్తాంటే నువ్వు చెయ్యి ఎత్తలేదు,
వంగి, బొటనేలితో టేపు అదిమినావు.
బిడ్డ నుదురు నిమిరినట్టు అదిమినావు.

ఈ పొద్దు కొత్త జత మొదలుపెట్టినా.
లేబుల్ లోపలి పక్క కుడతాండా,
నీ తోలుకు తగిలేటట్టు.
దానికేమన్నా రూలుందేమో
ఆ ఎనభై పేజీలూ ఇంకోసారి చదువు.
ముడి గుచ్చుకుంటే మాత్రం ఫోన్ చెయ్యి,
దారం మారుస్తా.